పొయ్యి లేని వేన్నీళ్ళు: కళింగపట్నం నుంచి తప్తపాణి దాకా నాలుగు రోజులు

మా అమ్మ కాలి మట్టెలు ఒకసారి నల్లబడ్డాయి. నా పెళ్ళికి ముందు సంగతి. మోకాళ్ళ నొప్పులకి మంచిదని ఎవరో చెబితే ఒడిశాలోని తప్తపాణి వెళ్ళి, వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూచుని వచ్చింది. ఇంటికొచ్చి చూసుకుంటే వెండి మట్టెలు బొగ్గు రంగులో ఉన్నాయి. నాన్నకేదో కీడు రాబోతోందని నెల్లాళ్ళు మథనపడింది. నాన్నకేమీ కాలేదు, ఇప్పటికీ రోజూ పొలం వెళ్ళొస్తున్నారు. మట్టెల సంగతి మాత్రం అమ్మ మనసులోంచి పోలేదు.

ఈ సంక్రాంతికి పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీవిజయపురం) నుంచి మా చిన్న మావయ్య వచ్చాడు. ఓడ ఇంజన్ల పని మీద కుర్రతనంలోనే వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. మా సిక్కోలు తీరంలో అండమాన్‌లో చుట్టం లేని ఊరు వెతికినా దొరకదు. పోర్ట్‌బ్లెయిర్ బజార్లో మన యాసలోనే బేరం ఆడొచ్చంటాడు మావయ్య. భోగి మంట దగ్గర కూచుని మావాడికి బారెన్ ద్వీపం గురించి చెప్పాడు. నడి సముద్రంలో నిప్పులు కక్కే కొండ, ఒడ్డున చెయ్యి పెట్టలేని వేడినీళ్ళు.

పన్నెండేళ్ళవాడికి ప్రశ్నలకేం కొదవ? "అయితే అమ్మమ్మ వెళ్ళిన వేన్నీళ్ళ కింద కూడా అగ్నిపర్వతం ఉందా?"

"ఉంటాది మరి! నిప్పు లేకండా నీళ్ళెలగ కాగుతాయి?" అన్నాడు మావయ్య.

"అమ్మోరు కాగబెడతాది," అంది అమ్మ, కంది కర్రతో మంట ఎగదోస్తూ.

ముగ్గురూ నా వైపు చూశారు. పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పి బతికేదాన్ని, ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. కనుమ వెళ్ళిన మర్నాడు కారు మాట్లాడుకుని నలుగురం బయల్దేరాం. బడి లేబొరేటరీ నుంచి ఒక థర్మామీటరు, లెడ్ అసిటేట్ అనే సీసపు మందులో ముంచి ఆరబెట్టిన నాలుగు వడపోత కాగితం ముక్కలు కవర్లో పెట్టి తెచ్చుకున్నాను. ఇంట్లో పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం మావాడి జేబులో ఉంది.

మొదటి రోజు: శాలిహుండం, కళింగపట్నం

హైవే ఎక్కితే సాయంత్రానికి తప్తపాణి చేరిపోవచ్చు. కానీ అగ్నిద్వీపం మాట వచ్చాక సముద్రం చూడకుండా కొండలెక్కడం నాకు నచ్చలేదు. శ్రీకాకుళం నుంచి గార మీదుగా శాలిహుండం వెళ్ళాం.

వంశధార ఒడ్డున చిన్న కొండ, దాని మీద బౌద్ధ స్తూపాల ఇటుక పునాదులు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే 1919లో ఈ చోటుని వెలుగులోకి తెచ్చారు. మా జిల్లాలో పుట్టిన మనిషి, మా నేలలో పూడిపోయినదాన్ని గుర్తుపట్టడం నాకెప్పుడు తలుచుకున్నా గర్వంగా ఉంటుంది. పైనుంచి చూస్తే నది వంపు తిరిగి సముద్రం వైపు సాగుతూ కనిపిస్తుంది. ఈ కళింగ తీరం నుంచే ఒకప్పుడు నావలు తూర్పు దీవులకి వెళ్ళేవి. జావా, మలయా జనం మనవాళ్ళని పిలిచిన 'కెలింగ్' అనే మాట కళింగ నుంచి వచ్చిందే. సుమత్రా, జావా, బాలి ఒకదాని పక్కన ఒకటి పేర్చిన అగ్నిపర్వతాల వరస. బారెన్ ద్వీపం ఆ వరసకి ఉత్తరపు కొసలో ఉంది. మన పూర్వీకులకి నిప్పుకొండలు పుక్కిటి కథలు కావు, దారిలో తగిలే గుర్తులు.

మధ్యాహ్నానికి కళింగపట్నం చేరాం. 1958 దాకా ఇక్కడ ఓడలు ఆగేవి. ఇప్పుడు లైట్‌హౌసు, చేపల పడవలు, సెలవు రోజుల్లో వచ్చే జనం. మావాడు జేబులోంచి అయస్కాంతం తీసి ఇసకలో దొర్లించాడు. నల్లటి గింజలు ముళ్ళపంది వెంట్రుకల్లా నిక్కబొడుచుకుని అంటుకున్నాయి.

ఇక్కడి ఇసక ఒకే రంగులో ఉండదు. కెరటం వెనక్కి లాగినప్పుడు నల్ల చార, ఎర్ర చార విడివిడిగా మిగులుతాయి. నల్లవి ఇల్మనైట్, మాగ్నటైట్. ఎర్రవి గార్నెట్. వాటి మధ్యలో తేనె రంగులో, కంటికి ఆనీ ఆననంత చిన్నగా, మోనజైట్ గింజలుంటాయి. మోనజైట్‌లో థోరియం ఉంది. తూర్పు కనుమల రాళ్ళు కోట్ల ఏళ్ళు ఎండకీ వానకీ చిట్లి, నదుల్లో కొట్టుకొచ్చి ఇక్కడ పోగుపడ్డాయి. ఆ థోరియం తన లోపల తాను కొద్దికొద్దిగా విరిగిపోతూ వేడి పుట్టిస్తుంది. ఉన్నదాంట్లో సగం విరగడానికి దాదాపు 1,400 కోట్ల ఏళ్ళు పడుతుంది. భూమి వయసు 454 కోట్ల ఏళ్ళే.

"చెయ్యి పెడితే చల్లగానే ఉంది కదమ్మా," అన్నాడు మావాడు.

గుప్పెడు ఇసకలో పుట్టే వేడి ఏ చేతికీ తెలియదు. అదే థోరియం, యురేనియం, పొటాషియం భూమి లోపల కిలోమీటర్ల మందాన రాళ్ళలో పరుచుకుని ఉన్నాయి. పుట్టిన వేడి బయటికి రావడానికి రాయి సులువుగా దారివ్వదు. భూమి లోపలినుంచి బయటికొచ్చే వేడిలో దాదాపు సగం ఇలా పుట్టిందే. మిగతాది భూమి పుట్టినప్పటి వేడి, ఇంకా ఆరుతూనే ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోమని వాడికి చెప్పాను, ఎల్లుండి పనికొస్తుందని.

పొద్దుగూకే వేళకి ఒడ్డున మినప గారెలు తింటుంటే అమ్మ బడబాగ్ని కథ ఎత్తుకుంది. అమ్మకి భారతం కంఠతా వచ్చు. రాజులు భృగు వంశాన్ని కడుపులో బిడ్డలతో సహా చంపుతుంటే, ఒక తల్లి తన గర్భాన్ని తొడలో దాచుకుంది. ఊరువు నుంచి పుట్టాడు కాబట్టి ఆ బిడ్డ ఔర్వుడయ్యాడు. పుట్టగానే ఆ తేజస్సుకి రాజుల కళ్ళు పోయాయి. అంతటితో ఆగక లోకాలన్నిటినీ కాల్చేస్తానని తపస్సు పట్టాడు. పితృదేవతలు దిగొచ్చి, నాయనా, ఆ కోపాన్ని సముద్రంలో వదిలెయ్యి అన్నారు. వదిలాడు. అది ఆడగుర్రం ముఖంతో నీళ్ళ అడుగున ఉండి నీటినే తాగుతూ మండుతోంది.

"అందికే ఇన్ని నదులొచ్చి కలిసినా సముద్రం పొంగదు," అంది అమ్మ కళింగపట్నం కెరటాల వైపు చూస్తూ. మా ముందే వంశధార వచ్చి కలుస్తోంది.

ఈ కథ నేను చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఆ సాయంత్రం మాత్రం వేరేలా వినిపించింది. నదులు ఇన్ని నీళ్ళు పోస్తుంటే సముద్రం ఎందుకు నిండదు? ఇది మంచి ప్రశ్న. ఆవిరి, మేఘం, వాన అని ఇప్పుడు ఏడో తరగతి పిల్లలు చెబుతారు. కానీ ఆ ప్రశ్న అడిగి, నీటికీ నిప్పుకీ లంకె పెట్టి జవాబు కట్టినవాళ్ళు ఊరికే భయపడి కథలల్లలేదు. చూసిందానికి కారణం వెతికారు.

రెండో రోజు: బారువ దగ్గర, అమ్మమ్మగారి ఊళ్ళో

టెక్కలి, పలాస దాటి ఉద్దానంలోకి దిగితే రోడ్డుకి రెండు వైపులా కొబ్బరి, జీడిమామిడి, పనస. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ తోటల నడుం విరిచింది. ఇప్పటికీ కొన్నిచోట్ల పెద్ద చెట్లున్నచోట చిన్న మొక్కలే కనిపిస్తాయి. అమ్మ పుట్టింట్లో అత్త చోడి అంబలి, నెత్తళ్ళ వేపుడు పెట్టింది. దారి గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు. ఆ రోజంతా మావయ్యదే.

సాయంత్రం బారువ తీరాన వలలు ఆరేసిన చోట కూచున్నాం. "1991లో చూసేను," అని మొదలుపెట్టాడు. "ఓడ దూరంగా ఎలిపోతంది. రేత్రి. చీకట్లో సముద్రం మీద ఎవులో కుంపటి ఎట్టినట్టుంది. సుక్కానీ దగ్గరున్నోడు కూడా సూపు తిప్పుకోలేదు. తెల్లారేక నల్లటి కొండ, మీద పొగ. నిప్పు జారి సముద్రంలో పడిన కాడ తెల్లటి ఆవిరి, సిన్న మబ్బంత."

అంతకు ముందు ఒకటిన్నర శతాబ్దానికి పైగా ఆ దీవి చడీచప్పుడూ లేకుండా ఉంది. 1787లో ఓడలవాళ్ళు దాని మంటల్ని చూసి రాశారు, 19వ శతాబ్దం మొదట్లో మరికొన్నిసార్లు కక్కింది, తర్వాత నిద్రపోయింది. 1991లో లేచి, 1994, 95ల్లో మరోసారి, 2005 నుంచి తెరిపి ఇచ్చి ఇచ్చి కక్కుతూనే ఉంది. పోర్ట్‌బ్లెయిర్‌కి ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరం. గుండ్రంగా మూడు కిలోమీటర్ల వెడల్పు. దక్షిణాసియాలో ఇప్పుడు మండుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. పైకి కనిపించేది 350 మీటర్ల కొండ. దాని పాదం మాత్రం సముద్రమట్టానికి రెండు కిలోమీటర్లకి పైగా కింద ఉంది. జనం ఉండరు. ఎప్పుడో మనుషులు వదిలిన మేకల సంతతి ఉంది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఆ దీవిలో దిగినవాళ్ళు కొందరు ఒడ్డునున్న వేడినీటి గురించి రాశారు. పాత లావా వచ్చి సముద్రాన్ని తాకిన చోట రాళ్ళ సందుల్లోంచి వేడినీళ్ళు ఊరేవి. దీవిలో ఏరు లేదు. కురిసిన వాన నేరుగా బూడిదలోకీ లావా పగుళ్ళలోకీ ఇంకిపోతుంది. లోపల ఆరని రాతిని తాకి, వేడెక్కి, ఒడ్డున బయటపడుతుంది. ఆటుకి వేడిగా, పోటుకి సముద్రం కలిసి గోరువెచ్చగా.

"బారెన్ అంటే గొడ్డుది అని అర్థం," అన్నాడు మావాడు. అమ్మ చటుక్కున వాడి నోటి మీద చెయ్యి వేసింది. ఆ మాట మా ఇంట్లో పలకరు. చెట్టూ చేమా తక్కువని తెల్లవాళ్ళు పెట్టిన పేరది. దాన్ని నేను కూడా తెలుగు చెయ్యను. మనవాళ్ళ పేరు వేరేగా ఉండేదేమో. అక్కణ్ణుంచి ఇంకా ఉత్తరాన నార్కొండం అనే మరో దీవి ఉంది. 700 మీటర్ల పైచిలుకు కొండ, అడవి నిండిన చల్లారిన అగ్నిపర్వతం. దాని పేరు 'నరక కుండం' నుంచి వచ్చిందంటారు. కానీ అక్కడ చరిత్రకి తెలిసినంతలో మంటలే లేవు! నరక కుండమని నావికులు పిలిచింది మండే బారెన్‌నే అయి ఉంటుందనీ, పటాలు గీసేవాళ్ళ చేతుల్లో పేరు పక్క దీవికి మారిపోయి ఉంటుందనీ 19వ శతాబ్దంలో హెన్రీ యూల్ అనే పండితుడు ఊహించాడు. నాకు ఆ ఊహ నచ్చుతుంది. నీళ్ళ మధ్య నిప్పు గుండాన్ని చూసిన మనిషికి అంతకన్నా తగిన మాట తట్టదు.

సరే, ఆ నిప్పు అక్కడెందుకుంది? బారువ ఇసకలోనే మావాడికి బొమ్మ గీసి చూపించాను. మనం కూచున్న నేల, ఈ బంగాళాఖాతం అడుగు, అంతా భూమి పైపెంకులోని ఒకే పెద్ద పలక. అది జరిగి జరిగి అండమాన్ పడమటి వైపున ఇంకో పలక కిందికి దూరుతోంది. దూరేటప్పుడు సముద్రపు అడుగు రాయి పొడిగా దిగదు. కోట్ల ఏళ్ళు నీళ్ళలో నానిన రాయి అది, ఖనిజాల్లో నీటిని బంధించుకుని దిగుతుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతుకి వెళ్ళేసరికి ఒత్తిడికీ వేడికీ ఆ నీరు బయటికి పిండుకుంటుంది. పైనున్న రాయిలోకి చేరుతుంది. ఆ రాయి అప్పటికే ఎర్రగా కాలి ఉంది, కానీ కరగలేదు. నీరు తగలగానే కరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. ఐసుబండి అబ్బాయి మంచుముక్కల మీద ఉప్పు చల్లితే అవి తొందరగా కరిగినట్టు. కరిగిన రాయి తేలికై పైకి ఎక్కుతుంది. బారెన్‌లో బయటపడుతుంది.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. "అంటే ఆ నిప్పు నీళ్ళ వల్ల పుట్టిందా?" అన్నాడు చివరికి.

అవును మావయ్యా. సముద్రం తన అడుగు రాయితో కిందికి పంపిన నీటివల్ల.

"నానేటన్నాను నిన్న?" అంది అమ్మ. "గుర్రమ్మొకం నీళ్ళు తాగుతాదని సెప్పలేదా?"

నాకు ఒళ్ళు జలదరించింది. ఔర్వుడి కథ రాసినవాళ్ళకి పలకల సంగతి తెలుసునని నేను అనను, అలా అనేవాళ్ళంటే నాకు చిరాకు కూడా. కానీ నీటిని తాగి మండే నిప్పు అనే బొమ్మ ఒకటి మా అమ్మ మనసులో ముందే ఉండబట్టి, నేను గీసిన బొమ్మ ఆవిడకి ఒక్క నిమిషంలో అర్థమైంది. బడిలో అదే పాఠానికి నాకు రెండు పీరియడ్లు పడుతుంది.

ఆ పలకల సరిహద్దే 2004 డిసెంబరు 26న 9.1 తీవ్రతతో కదిలింది. మావయ్య అప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నాడు. ఫోను కలవక అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ సంగతి వచ్చేసరికి అందరం లేచి ఇంటికి నడిచాం.

మూడో రోజు: తప్తపాణి

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. బరంపురంలో తెలుగు బోర్డులు, తెలుగు పలకరింపులు. సరిహద్దు దాటామని కారుకి తెలిసింది గానీ మాకు తెలియలేదు. అక్కణ్ణుంచి దిగపహండి మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. దారిలో టీ కొట్టతను మా మాట విని, "ఏ ఊరండీ మీది? మా అత్తోరిది సోంపేట," అన్నాడు. ఘాట్ మొదలయ్యాక గుగ్గిలం చెట్ల నీడ, చలి.

ఒక మలుపు దగ్గర కారాపించి రోడ్డు కోసిన చోట రాయి చూపించాను. ఎర్రటి గార్నెట్ చుక్కలు, తుప్పు రంగు చారలు. ఖోండలైట్. ఈ కొండల్లో ఉండే ఖోండు జనం పేరునే భూగర్భ శాస్త్రవేత్తలు రాయికి పెట్టారు. కోణార్క గుడి కట్టిందీ ఈ జాతి రాయితోనే. కళింగపట్నంలో అయస్కాంతం వదిలేసిన ఎర్రగింజలు ఇలాంటి రాళ్ళలోంచే వచ్చాయి. మావాడు గోరుతో ఒక గార్నెట్ గీకి చూసి, "ఇదే కదా!" అని అరిచాడు. ఒకప్పుడు ఇది బురద, సముద్రపు అడుగు మట్టి. సుమారు 100 కోట్ల ఏళ్ళ కింద భూగర్భంలో కిలోమీటర్ల లోతుకి దిగి, కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి ఇలా తయారైంది. ఆ వేడి ఎప్పుడో చల్లారిపోయింది. తప్తపాణి వేడికీ ఆ పాత పొయ్యికీ సంబంధం లేదు.

తప్తపాణిలో ముందు అమ్మవారి దర్శనం. కంధుణి దేవి. ఒడియాలో ఖోండుల్ని కంధ అంటారు, ఆ జాతి ఆడమనిషిని కంధుణి అంటారు. రాయికీ అమ్మవారికీ ఒకే జనం పేరు. ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఈ కొండల్ని మొదట ఎరిగినవాళ్ళు వాళ్ళు, వేడి ఊటని మొదట మొక్కినవాళ్ళూ వాళ్ళే అయి ఉంటారు.

గుడి దగ్గర పూలమ్మే ముసలామె ఒక సంగతి చెప్పింది, పక్కనున్నాయన తెలుగు చేశాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు ఇక్కడికొచ్చి మొక్కుకుని నీటి అడుగు బురదలో చేత్తో వెతుకుతారట. పైనున్న చెట్టు నుంచి రాలిన కాయో గింజో చేతికి దొరికితే కడుపు పండుతుందట. అమ్మ వింటూ కళ్ళొత్తుకుంది. నేను పుట్టడానికి ముందు అమ్మకి ఎనిమిదేళ్ళు పిల్లల్లేరు. అప్పుడు ఎవరెవరు ఏ మాటన్నారో అమ్మ నాకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. బారువలో మావాడి నోటి మీద పడిన చెయ్యి నాకు గుర్తొచ్చింది. మోకాలి లోతు వెచ్చటి బురదలో, ఎవరూ ఏమీ అనని చోట, కాసేపు ఆశతో వెతుక్కునే హక్కు ఆ ఆడవాళ్ళకుంది. దాన్ని సైన్సు పేరుతో వెక్కిరించే మనిషిని నేను క్షమించను.

ఇక నా పని. దారానికి కట్టిన థర్మామీటరు నీటిలోకి వదిలాం. పాదరసం ఎక్కి 40 దాటింది. గాలి చలిగా ఉండడంతో నీటి మీద సన్నటి ఆవిరి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన.

"గంధకం! సెప్పలేదా, కింద నిప్పుంది," అన్నాడు మావయ్య.

ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువుది. అగ్నిపర్వతం దగ్గరైతే కరిగిన రాయిలోంచి వస్తుంది, నిజమే. కానీ నీటిలో కరిగిన సల్ఫేటు నుంచి గాలి తగలని లోతుల్లో సూక్ష్మజీవులు కూడా అదే వాయువుని చేస్తాయి. మురుగు కాలవకీ అదే వాసన, దాని కింద అగ్నిపర్వతం లేదు కదా. లెడ్ అసిటేట్ కాగితం ఒకటి తీసి తడిపి, నీటికి తగలకుండా ఆవిరి మీద పట్టుకున్నాను. ఆ మందు విషం, అందుకే పిల్లవాడి చేతికివ్వలేదు, నీటిలోనూ ముంచలేదు. తెల్ల కాగితం ముందు గోధుమ రంగుకి, తర్వాత ముదురు రంగుకి తిరిగింది.

"అమ్మా, నీ మట్టెలు," అన్నాను.

ఆ ఆవిరిలోని గంధకం సీసంతో కలిస్తే ఈ రంగు. వెండితో కలిస్తే ఆ రంగు. ఆ రోజు నీ కాళ్ళ దగ్గర జరిగింది ఇదే. నాన్నకి కీడని కాదు.

అమ్మ ఆ కాగితం ముక్కని చాలాసేపు చూసింది. పరీక్ష పూర్తిగా చేద్దామని, ఒక కాలి మట్టెలు తీసి సంచిలో పెట్టు, రెండో కాలివి ఉంచు, తేడా చూద్దాం అన్నాను. "మీ నాన్నుండగా మట్టెలు తీస్తానేటే?" అని కసిరింది. సంచిలో పొడిగా ఉన్న నా వెండి పట్టీలే పోలికకి సరిపోతాయని ఊరుకున్నాను.

తర్వాత స్నానాల కొలను మెట్ల మీద కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని అసలు ప్రశ్న దగ్గరికొచ్చాం. కింద అగ్నిపర్వతం లేదు. ఈ చుట్టుపక్కల ఎక్కడా కొత్త లావా లేదు, ఉన్నవన్నీ కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళు. మరి నీళ్ళెలా కాగాయి?

కోలారు బంగారు గని మాట చెప్పాను. మూతపడే నాటికి అది మూడు కిలోమీటర్లకి పైగా లోతు. అడుగున రాయి 60 డిగ్రీలు దాటి ఉండేది. అక్కడ ఏ అగ్నిపర్వతమూ లేదు. ఎక్కడ తవ్వినా లోతుకెళ్ళేకొద్దీ వేడి పెరుగుతూనే ఉంటుంది, కోలారులో కాస్త తక్కువ గానీ చాలాచోట్ల సుమారుగా కిలోమీటరుకి 25 నుంచి 30 డిగ్రీల చొప్పున. ఈ కొండల మీద కురిసిన వాన కొంత పగుళ్ళు పట్టుకుని లోపలికి దిగుతుంది. కిందికెళ్ళేకొద్దీ రాతి వేడి నీటికి ఎక్కుతుంది. వేడి నీరు తేలిక. ఎక్కడైనా నేల లోతుగా చీలిన బీట దొరికితే, చల్లారేలోపు దాని వెంట పైకి తన్నుకొస్తుంది. పైకొచ్చేటప్పుడు కొంత చల్లారుతుంది, పైపొర నీళ్ళు కొన్ని కలుస్తాయి. అయినా ఇక్కడ 40 దాటిందంటే లోపల ఇంకా బాగా వేడిగా ఉండాలి, కనీసం ఒకటీ రెండు కిలోమీటర్లు దిగి వచ్చి ఉండాలి. ఒడిశాలోనే అత్రి, తారబాలో, దేవులఝరి ఊటలున్నాయి. మన వైపు భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున ఇసక తవ్వితే వేడినీళ్ళు వచ్చే గుండాల ఉంది. మణుగూరు దగ్గరైతే భూమిలోంచి వచ్చే వేడినీటితో 20 కిలోవాట్ల కరెంటు తీసే చిన్న కేంద్రాన్ని సింగరేణివాళ్ళు పెట్టారు. వీటిలో వేటికీ లావా అక్కర్లేదు.

"ఇసకలో థోరియం!" అన్నాడు మావాడు, ఉన్నట్టుండి. కళింగపట్నంలో చల్లగా ఉందన్న గుప్పెడు ఇసకకీ ఈ వెచ్చదనానికీ మధ్య తీగ వాడే కలుపుకున్నాడు. నేను చెప్పి ఉంటే అంత బాగుండేది కాదు.

మావయ్యకి ఇంకో సందేహం. అక్కడి నీళ్ళు, ఇక్కడి నీళ్ళు ఒకటేనా? 1960ల్లో హార్మన్ క్రెయిగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వేడి ఊటల నీటిలో బరువైన హైడ్రోజన్, బరువైన ఆక్సిజన్ పాళ్ళు కొలిచాడు. హైడ్రోజన్ పాళ్ళు ఆ ప్రాంతపు వాన నీటి పాళ్ళతో సరిపోయాయి. అగ్నిపర్వతాల దగ్గరి ఊటల్లో కూడా నీటిలో ఎక్కువ భాగం వానే. నీళ్ళు రెండుచోట్లా మేఘానివే మావయ్యా, పొయ్యి వేరు. నువ్వు చూసినచోట పొయ్యి ఉంది. ఇక్కడ లోతే పొయ్యి.

అమ్మ అప్పటికి మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి కళ్ళు మూసుకుంది. వేడికి రక్తం పారి కండరాలు వదులవుతాయి, నీళ్ళు బరువుని మోస్తాయి. ఆ రాత్రి గెస్ట్‌హౌస్ మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కింది. ఎందువల్లో నేను చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

నాలుగో రోజు: తిరుగు దారి, వంటిల్లు

తెల్లవారుజామున మరోసారి వెళ్ళి చూశాం. మంచులో ఊట మీది ఆవిరి మనిషి ఎత్తున లేస్తోంది. మావయ్య చెప్పులు విప్పి, ఎవరికీ చెప్పకుండా కంధుణి దేవికి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. ఆయన మరో వారంలో విశాఖపట్నంలో ఓడెక్కాలి.

మధ్యాహ్నం దాటాక శ్రీకాకుళం చేరాం. కాళ్ళు కడుక్కుంటూ అమ్మ చూసుకుంది. మట్టెలు నల్లగా ఉన్నాయి. నా పట్టీలు సంచిలో తెల్లగానే ఉన్నాయి. ఈసారి ఆవిడ ముఖంలో భయం లేదు. నాన్నని పిలిచి చూపించింది, నేను చెప్పిన సీసం, వెండి, గంధకం అంతా తనే చెప్పింది, రెండు మాటలు అటూ ఇటూ అయినా.

విబూదితో తోముతానంటే ఆగమన్నాను. మట్టెలు తియ్యననే మనిషి కాబట్టి బిర్యానీ పార్సిల్‌కొచ్చిన అల్యూమినియం రేకు పళ్ళెంలో పరిచి, గోరువెచ్చని నీళ్ళు పోసి, ఉప్పు, వంటసోడా కలిపి, కుర్చీ వేసి అందులోనే పాదాలు పెట్టించాను. మట్టెలు రేకుకి తగిలేలా వేళ్ళు ఆనించమన్నాను. వెండిని పట్టుకున్న గంధకాన్ని అల్యూమినియం విడిపిస్తుంది. మావాడు నేల మీద పడుకుని చూస్తున్నాడు. మెల్లగా నలుపు విరిగి, అంచుల్లో తెల్లటి మెరుపు తేలింది.

అప్పుడు పళ్ళెంలోంచి సన్నగా ఆ వాసన వచ్చింది. అదే, కుళ్ళిన గుడ్డు వాసన.

అమ్మ ముక్కు ఎగబీల్చి, గుమ్మం వైపు చూసి, చేతులు జోడించింది. "కందుణమ్మ మనింటికొచ్చీసింది," అంది. మావాడు లేచి, మిగిలిన లెడ్ అసిటేట్ కాగితం ఎక్కడ పెట్టావమ్మా అని నా సంచి వెతకడం మొదలుపెట్టాడు.